నెత్తిమీద నిప్పుకొండ

పట్టు వదలకూడదు, ఏమైనా సరే ఈ చెక్క అంచు మీద పట్టు వదలకూడదు అనుకుంటూ ప్రీతి ట్రాలీ ఆటో వెనకభాగంలో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. కార్వాన్ బస్తీ సందుల్లోంచి బండి బయటపడేలోపే మోచేతులు లాగుతున్నాయి. కాన్వాసు బొమ్మ తనకంటే పొడవు, చేతులు బార చాపితే గాని వెడల్పు అందదు, గాలి తగిలిన ప్రతిసారీ తెరచాపలా ఉబ్బి మనిషిని ఎత్తుకుపోయేలా ఉంది. తాళ్లతో బిగించి కట్టేద్దామంటే రంగు ఆరలేదు. లావా పారేచోట వేలి మందాన వేసిన పసుపు అది, పైన తోలు కట్టినట్టుంటుంది గాని లోపల వెన్నలా మెత్తగా ఉంటుంది, ఏది తగిలినా అంటుకుపోతుంది. అందుకే వీపు వైపు మాత్రం ప్లాస్టిక్ షీటు కట్టి, బొమ్మ వైపు ఏదీ తాకకుండా నిలబెట్టి పట్టుకోవడం. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించేలోపల పత్తర్‌గట్టి బజారు చేరాలి. కైలాసం శేట్ తన రంగుల దుకాణం మీది అంతస్తును ఏడాదికోసారి బొమ్మలు గీసేవాళ్లకు ఇస్తాడు, ప్రదర్శన రేపు పొద్దున, అందరి బొమ్మలూ గోడలెక్కేశాయి, మెట్లెక్కగానే ఎదురయ్యే పెద్ద గోడ ఒక్కటే తనకోసం ఖాళీగా ఉంది. "అజాన్ దాంక ఆగుత బిడ్డా, ఆ తర్వాత అడిగినోళ్లకు ఇచ్చేస్త" అన్నాడు ఫోన్లో. అడుగుతున్నవాళ్లు ఉన్నారు. ముప్పయ్యేళ్లు దాటాయి, బళ్లో పిల్లలకు మామిడికాయలూ జాతీయ జెండాలూ గీయడం నేర్పుతూనే కాలం గడిచింది, ఇంతవరకు తన బొమ్మ ఒక్కటి కూడా నలుగురు చూసే గోడ ఎక్కలేదు. ఆ గోడ తనది. వాన వచ్చినా, దారి మూసుకుపోయినా, తనదే.

అవతలి అంచు బాపు పట్టుకున్నాడు, ఆమె తండ్రి ఆనందరావు. రమ్మని ఆమె అడగలేదు, అడిగే ధైర్యం లేదు. చర్చి వెనక గదిలోంచి బొమ్మను బయటికి తేవడానికి బాలరాజ్ ఆటో తెచ్చి నిలబెట్టినప్పుడు ఆనందరావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, "ఒక్కదానివి పట్టలేవు" అని మాత్రం అని బండెక్కాడు. బొమ్మ వైపు చూడలేదు. వీపు వైపున నిలబడి, ప్లాస్టిక్ షీటునూ చెక్క చట్రాన్నీ మాత్రమే చూస్తూ, సగమే ముడుచుకునే ఎడమ చేతిని కిందా మంచి చేతిని పైనా పెట్టి పట్టుకున్నాడు. ఉద్యోగమంతా ఫైర్ సర్వీసులో నిప్పు ఆర్పుతూ గడిపి రిటైరైన మనిషి. దీపావళికి పక్కింటివాళ్లు కాకరపువ్వొత్తి వెలిగించినా కిటికీ మూసే మనిషి. కూతురు ఏడాదిగా నిప్పుకొండ గీస్తోందని భార్య లీలమ్మ చెబితే, "నిప్పును బొమ్మ గీస్తరా ఎవరన్న?" అని కంచంలోంచి చెయ్యి తీసేసి లేచి వెళ్లిపోయాడట. ఆ మాట అమ్మ చెప్పినప్పుడు ప్రీతికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు, ఆ రోజే వెళ్లి పొగ మొత్తం గీకేసి మళ్లీ మొదలుపెట్టింది. ఎవరో వద్దన్నారని వదిలేయగలిగిన బొమ్మ అయితే ఎప్పుడో వదిలేసేది.

అలాంటి బొమ్మల్ని మొదట చూసింది కాలేజీ లైబ్రరీలో, అట్ట ఊడిన ఒక లావు పుస్తకంలో. ఎప్పుడో రెండు శతాబ్దాల కిందట ఇటలీలో సముద్రం ఒడ్డున ఒక కొండ మళ్లీ మళ్లీ నిప్పు కక్కుతుంటే ఎక్కడెక్కడి చిత్రకారులో పడవలెక్కి వచ్చి ఆ రాత్రుల్ని గీశారట. ఒకవైపు చంద్రుడు, నీళ్ల మీద చల్లని వెండి. ఇంకోవైపు కొండ నోట్లోంచి లేచే నిప్పు, నీళ్ల మీద కరిగిన రాగి. ఒకే సముద్రం రెండు వెలుగుల్ని మోస్తోంది. కింద ఒడ్డున చీమలంత మనుషులు, ఒకడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒకతె పిల్లను చంకనేసుకుని వేలు చూపిస్తూ. వాళ్లను బొటనవేలితో కప్పేసి చూస్తే కొండ చిన్నదైపోయింది, వేలు తీస్తే మళ్లీ ఆకాశమంత అయింది. ప్రీతి ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు వేలు పెట్టి తీసిందో. వెలుగును వేయలేమని అప్పుడే తెలిసింది, తెల్లకాగితం కంటే తెల్లని రంగు ఏ డబ్బాలోనూ ఉండదు కదా, చీకటిని వెయ్యాలి, చుట్టూ చీకటి ఎంత లోతుకు దించితే మధ్యలో మిగిల్చిన పిడికెడు పసుపు అంతగా మండుతుంది. ఎరుపు కాదు. నిజంగా వేడి ఉన్నచోట ఎరుపు ఉండదు, తెలుపులోకి తిరిగిన పసుపు ఉంటుంది, ఎరుపంతా చల్లారుతున్న అంచులదీ పొగ పొట్టదీ. నెలకోసారి దుకాణానికి వెళ్తే కైలాసం శేట్ నల్ల ట్యూబులు లెక్కపెడుతూ, "గింత నలుపేం జేస్తవమ్మా, ఇల్లంత మసి పూస్తవా?" అనేవాడు, "వెలుగు కోసం శేట్" అంటే, "మా దగ్గర వెలుగు కావాలంటె తెలుపు అమ్ముతం" అని నవ్వేవాడు, కాని నలుపే ఇచ్చేవాడు, ఒక ట్యూబు ఎక్కువే వేసేవాడు. ఆ పుస్తకంలోనే ఇంకో మాట కూడా ఉంది. తూర్పు సముద్రాల్లో ఎక్కడో ఒక కొండ బద్దలైతే దాని బూడిద లోకమంతా చుట్టి, నెలల తరబడి దూరదేశాల్లో కూడా సాయంత్రాలు మండిపోయాయట, ఆ కొండ పేరు కూడా తెలియని చిత్రకారులు కిటికీలోంచి చూసి ఆ ఎరుపును గీశారట. అక్కడ ఊళ్లకు ఊళ్లు పోయాయి. ఇక్కడ సాయంత్రం అందంగా ఉంది. ఆ రెండు వాక్యాలు పక్కపక్కన ఉండటం చూసి ఆమె పుస్తకం మూసేసింది, ఎందుకంటే ఆ సంగతి తనకు ముందే తెలుసు, పద్నాలుగేళ్లప్పుడు కార్వాన్‌లో మిద్దె మీద నిలబడ్డప్పుడే తెలుసు.

ఎండాకాలపు రాత్రి అది, మిద్దె మీద చాపలు పరిచారు, నది అవతల ఆకాశం ఒక్కసారిగా లేచి కూర్చున్నట్టయింది. రంగులూ థిన్నరూ నిలవచేసే గోదాం అని తర్వాత తెలిసింది. అప్పటికి అది వట్టి వెలుగు. కింది నుంచి నారింజ, దాని మీద గులాబీ, మధ్యమధ్య డబ్బా పేలినప్పుడల్లా ఒక పచ్చ మెరుపు, ఒక నీలం, పొగ లోపల్నించి వెలుగుతూ పెద్ద పెద్ద గోబీపువ్వుల్లా విచ్చుకుంటోంది, పక్కమిద్దెల మీద జనం మొహాలు బంగారు పూసినట్టయ్యాయి. "అమ్మా, జల్ది రా, ఎంత మస్తుగున్నదో సూడు" అని ఆమె అరిచింది. లీలమ్మ తడి చేతులతో మెట్లెక్కి వచ్చి ఒక్క చూపు చూసి, మోకాళ్ల మీద కూలబడిపోయి, "మీ బాపు డ్యూటీల ఉన్నడే" అంది. అంతే, భయం వచ్చింది. కాని భయం వచ్చాక అందం పోవాలి కదా. పోలేదు. అమ్మ పక్కన మోకరించి ప్రార్థిస్తూ కళ్లు తెరిచి చూస్తూనే ఉంది, పచ్చ మెరుపు వస్తే ఒళ్లు ఝల్లుమంటూనే ఉంది, దేవుడా మా బాపు, దేవుడా ఎంత వెలుగు, రెండూ ఒకే ఊపిరిలో. తెల్లారాక బాపు వచ్చాడు, చేతికి కట్టుతో. మొగులయ్య కాక రాలేదు. బాపు పక్కన ఒకే పైపు పట్టుకునే మనిషి, పండక్కి తమ ఇంట్లో కేకు తిని, బోనాలకు తమను వాళ్లింటికి పిలిచే మనిషి, ప్రీతిని భుజాలకెత్తుకుని ఫైరింజను గంట కొట్టనిచ్చిన మనిషి, గోదాం కప్పు కింద ఉండిపోయాడు. బాపు ఆ సంగతి ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. కాక భార్య ఆండాలు చిన్నమ్మ అప్పుడప్పుడూ వచ్చి అమ్మతో కూర్చుని టీ తాగి పోయేది. ఆమె వచ్చినప్పుడల్లా బాపు బజారుకు పనుందని లేచేవాడు.

దూరం ఉంటేనే ఆ అనుభూతి అని కాలేజీలో మాస్టారు చెప్పాడు. తుపానూ పర్వతమూ జ్వాలాముఖీ మనల్ని తాకలేని చోట నిలబడితేనే మనకు భవ్యంగా తోస్తాయి, ప్రాణం మీదికొస్తే పరుగే తప్ప పరవశం ఉండదన్నాడు, ప్రీతి అది రాసుకుంది, పరీక్షలో రాసింది, మార్కులూ వచ్చాయి. బళ్లో ఉర్దూ టీచరు ఇంకోలా చెప్పింది, జమాల్ అని సౌందర్యం ఒకటుంది, జలాల్ అని భీకరమైన తేజస్సు ఒకటుంది, జమాల్‌ను చూస్తే దగ్గరికి పోతాం, జలాల్‌ను చూస్తే అడుగు వెనక్కి పడుతుంది, కాని కళ్లు తిప్పుకోలేం. చర్చిలో చిన్నప్పుడు విన్న కథలోనూ దేవుడు కొండ మీద నిప్పులో దిగితే జనం దూరంగానే నిలబడ్డారు. అందరూ దూరంగానే నిలబడ్డారు. మరి దగ్గరున్నవాళ్ల సంగతి? ఆ కొండ కింది ఊరివాళ్లకు అది ఏమిటి? గోదాంలో ఉన్నవాళ్లకు? వాళ్లకు వట్టి మంటేనా, వట్టి చావేనా, అందమంతా మిద్దె మీది వాళ్లదేనా? అలాగైతే తను గీస్తున్నది దొంగసొమ్ము. కాదని ఎక్కడో అనిపించేది. ఎందుకో చెప్పలేకపోయేది. చెప్పలేని దాన్ని గీయడమే దారి అని ఏడాది పాటు రోజూ బడి అయ్యాక చర్చి వెనక గదిలో, పాత బెంచీల మధ్య, నలుపు మీద నలుపు వేసుకుంటూ పోయింది. చంద్రుణ్ని పెట్టలేదు. చల్లటి వెలుగు ఉంటే తప్పించుకునే దారి ఉన్నట్టే. ఒడ్డున మనుషుల్ని కూడా మొదట పెట్టింది, తర్వాత దగ్గరికి, ఇంకా దగ్గరికి జరిపింది, చివరికి కొండ ఒంటి మీదే, లావా పక్కనే నలుగురైదుగురు నిలబడ్డారు. ఒక్కడూ పారిపోవడం లేదు. పారిపోయేలా గీద్దామంటే చెయ్యి రాలేదు.

"అక్కా, పురానాపూల్ దిక్కు జామున్నదని గిట్ల తిప్పిన, గీడ ఇంకా లొల్లి ఉన్నది" అన్నాడు బాలరాజ్, బండి ఆపి తల బయటపెట్టి. అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ వంతెన ఎక్కారు గాని ముందు బస్సులూ ఆటోలూ తోపుడుబండ్లూ గడ్డకట్టిపోయి ఉన్నాయి. కోర్టు గుమ్మటాల మీద మబ్బు సీసంలా దిగుతోంది. ఒక చినుకు ఆమె మణికట్టు మీద పడింది, ఇంకొకటి చట్రం మీద టక్కుమంది. "ఎంతసేపు పడ్తది?" "అరగంట కదలదు. ఫికర్ చేయకు, పట్టా ఇస్త, కప్పుదాం." టార్పాలిన్ పట్టా కప్పితే రంగంతా పట్టాకు పోతుంది. నిలబెట్టి ఉంచితే వాన మొహం మీదే కొడుతుంది. తిప్పుకుని పోదామంటే వెనకా దారి లేదు. బాపు ఆకాశం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఒకవేళ ఇంటికి పోదామంటాడేమో అనుకుంది, అన్నాక కాదనడం కంటే ముందే అనేయడం మేలు.

"బాపూ, దించుదాం. బొమ్మ కిందికి, షీటు మీదికి. నెత్తిమీద పట్టుకొని నడుద్దం."

"నెత్తిమీదనా?"

"ఆఁ. నువ్వు ముంగట, నేను ఎనుక. పూల్ దాటితె మదీనా చౌరస్తా, అది దాటితె పత్తర్‌గట్టి. ఎంత దూరం?"

దూరం సంగతి కాదని ఇద్దరికీ తెలుసు. నెత్తిమీద అంటే ఆ బొమ్మ కిందికి దూరాలి, తల ఎత్తితే జానెడు ఎత్తున అదే ఉంటుంది. బాపు ఎడమ చేతి వేళ్లను కుడి చేత్తో ఒకసారి ముడిచి, తెరిచాడు. చినుకులు జోరెక్కాయి. "సరే, దించు" అన్నాడు. బాలరాజ్ ఒక పక్క ఆసరా పట్టాడు, ఇద్దరూ బొమ్మను పడుకోబెట్టినట్టు తిప్పి, చట్రం కిందికి దూరి, చేతులు పైకి చాపి లేపారు. నయాపూల్ ఒక్కసారిగా మాయమైంది. పైన చప్పుడు, ప్లాస్టిక్ మీద వాన, వేయించిన అటుకుల మూకుడులా. కింద నూనె వాసన, తడిసిన దుమ్ము వాసన, బాపు మెడ, బాపు తెల్లజుట్టు, అటూ ఇటూ జనం కాళ్లూ బండ్ల చక్రాలూ. "నడువు" అంది, నడిచాడు. భుజాలు లాగుతున్నాయి, లాగనీ. ఏం మోసుకుపోతున్నారో తెలియక ఎవరో, "క్యా లేకే జారే చాచా?" అని అరిచారు, ఒక పిల్లవాడు వంగి కిందికి చూసి, "అరే దేఖో, పహాడ్ జల్‌రా!" అన్నాడు, కొండ మండుతోందన్న ఆ మాటకు బండ్ల మీది వాళ్లు వంగి వంగి చూస్తున్నారు, వాళ్ల మొహాలు సగం సగమే కనిపిస్తున్నాయి, నవ్వు ఆగి కళ్లు విచ్చుకున్న మొహాలు.

వంతెన మధ్యకు వచ్చేసరికి పడమర మబ్బు కింది అంచు తెగింది. మూసీ మీదుగా ఎండ అడ్డంగా, నేల బారుగా, వాన లోపల్నించే వచ్చి బొమ్మ కిందికి దూరింది. ప్రీతి తల ఎత్తింది. ఏడాదిగా ట్యూబులైటు కింద తప్ప చూడలేదు దాన్ని. పసుపు వెలిగింది. రంగు వెలిగినట్టు కాదు, లోపల్నించి ఎవరో ఊదినట్టు, వేలి మందపు గీతలు ఒక్కొక్కటీ అంచు మీద మండుతూ, చుట్టూ నలుపు ఎత్తైన బావిలా పైకి లోతెక్కిపోయింది, కొండ తలకిందులుగా వాళ్లిద్దరి మీదికీ కారుతోంది. అప్పుడే బాపు ఆగిపోయాడు. ఆమె చట్రానికి తట్టుకుని ఆగింది. వెనక హారన్లు. బాపు మెడ వెనక ముడతలు ఒకదాని మీద ఒకటి మడతపడ్డాయి. తల ఎత్తాడు. చూస్తున్నాడు. తప్పు చేశానా, ఇప్పుడే, ఇక్కడే, ఈ మనిషి కూలిపోతే పట్టుకోవడానికి నా చేతులు ఖాళీగా లేవు, బొమ్మ వదిలేస్తాను, పోతే పోనీ గోడ, కాదు, వదలను, ఆయన కూడా వదల్లేదు చూడు, ఆ సగం చెయ్యి కూడా వదల్లేదు.

"బాపూ?"

"ఆగు."

హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆయన వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు, వాన చప్పుడు కింద చిన్న గదిలో మాట్లాడినట్టుంది.

"రేకుల కప్పు కింద గిట్లనే ఉండె. డబ్బాలు పేలి రంగులన్ని కప్పుకు అంటుకున్నయ్. పచ్చగ, నీలంగ. పైపు పట్టుకొని నేను, నా పక్కకు మొగులయ్య. కప్పు ఒంగుతున్నది, బయటికి రమ్మని ఈల కొట్టిన్రు. ఉరుకురా అన్న. ఉరకలె. పైకి జూస్తున్నడు. నోరు తెరిచిండు."

"భయమైందేమో బాపూ. కాళ్లు రాకుంటైనయేమో."

"కాదు. భయమైనోళ్లను మస్తు మందిని జూసిన, నాకు తెల్వదా. క్రిస్మస్ రాత్రి చర్చిల దీపాలు ముట్టిస్తె పిలగాండ్ల మొఖాలుంటయే, గట్లున్నది వాని మొఖం. 'అన్నా, సూడు' అన్నడు. గంతె. నేను సూడలె. ఉరికిన."

ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఆమె చట్రాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. దగ్గరున్నవాడు. దూరమే లేనివాడు. మిద్దె మీది పిల్ల ఏ వెలుగును చూసి అరిచిందో, అదే వెలుగును దాని కడుపులో నిలబడి చూసిన మనిషి, ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే మాట అన్నారు, ఆమె అమ్మతో, కాక బాపుతో, చూడు, చూడు. మాస్టారు చెప్పింది తప్పు. లేదా మాస్టారికి మొగులయ్య కాక తెలియదు. అందం ఆయన చావును చిన్నది చేయదు, చావు ఆ అందాన్ని అబద్ధం చేయదు, రెండూ ఒకే నిప్పు, అంతే, ఆ సంగతి ఏడాదిగా తన చేతికి తెలుసు, అందుకే ఆ మనుషుల్ని పారిపోనివ్వలేదు. నాకు తెలియకుండా నేను కాకనే గీశానా?

"గీళ్లు పారిపోతలేరేంది?" అన్నాడు బాపు, తల ఇంకా పైకే ఉంది.

"సూస్తున్నరు బాపూ."

"ఆఁ" అన్నాడు. చట్రం మీద పట్టు సవరించుకుని, "సూస్తరు" అన్నాడు. తర్వాత, "నడువు, అజాన్ అయితది" అని తనే ముందుకు లాగాడు.

ఇంక ఆ నడక ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంటుంది. మదీనా చౌరస్తాలో ఒక కానిస్టేబుల్ చెయ్యెత్తి బస్సును ఆపడం, నీళ్లలో చెప్పు ఒకటి జారిపోతే రెండోదాన్ని కూడా విదిలించి వట్టికాళ్లతో నడవడం, పత్తర్‌గట్టి రాతి కమానుల కిందికి చేరగానే పైన వాన చప్పుడు కత్తిరించినట్టు ఆగిపోవడం, అత్తరు వాసన, తడిసిన బట్టల తానుల వాసన, గాజుల దుకాణం ముందు బుర్ఖాల మధ్య దారి చేసిన ఒక ముసలామె, "రాస్తా దేవో, రాస్తా దేవో" అని తనే ముందు నడవడం. మెట్ల దగ్గర బొమ్మను మళ్లీ నిలబెట్టారు. మెట్లు సన్నం, మలుపు ఇరుకు, ఒక్కో మెట్టూ గోడకు తగలకుండా, "నీ దిక్కు లేపు", "ఆగు", "ఇప్పుడు", ఉద్యోగంలో నిచ్చెనలు ఎక్కించిన గొంతు అది, ఆమె ఆ గొంతు విని ఎన్నేళ్లయిందో. వాళ్లు మలుపు తిరుగుతుండగా అజాన్ మొదలైంది.

పైన ఇద్దరు కుర్రాళ్లు ఆ గోడను అప్పటికే టేపుతో కొలుస్తున్నారు. "ఆ గోడ నాది శేట్" అంది ప్రీతి, చట్రం పట్టుకునే, నీళ్లు కారుతూ. కైలాసం కౌంటర్ దగ్గర వేసుకునే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, తలుపు దగ్గర తడిసి ముద్దయిన తండ్రీకూతుళ్లను చూశాడు, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని కిటికీ వైపు విన్నాడు. "అజాన్ అయిపోయిందా ఏంది? ఇంకా అయితనే ఉన్నది గదా. టేపు మడువుండ్రి బాబూ" అన్నాడు.

మేకులు కొట్టారు, బొమ్మ ఎక్కింది. కైలాసం మురిసిపోతూ పైనుంచి పెద్ద ఫోకస్ లైటు దాని మీదికి తిప్పాడు. ఒక్కసారిగా అంతా చచ్చిపోయింది. నలుపు బూడిదైంది, గీతలన్నీ గీతల్లా కనిపించాయి, పసుపు డబ్బాలో పసుపులా ఉంది. "అది బంద్ చేయి శేట్." "అరె, బంద్ చేస్తె చీకట్ల ఎవ్వరు జూస్తరమ్మా?" "కండ్లు అలవాటయ్యేదాంక ఆగుతె కనిపిస్తది. ఆగనోళ్లు పోతరు, పోనీ." ఆయన గొణుక్కుంటూనే స్విచ్ నొక్కాడు. కిటికీలోంచి వచ్చే ఆ కాస్త సాయంత్రం వెలుగే మిగిలింది. మొదట నల్లటి గోడ, తర్వాత ఒక అంచు, తర్వాత ఆ లావా పగులు, ఎక్కడో లోపల్నించి పుట్టుకొస్తున్నట్టు, తర్వాత దాని పక్కన నిలబడ్డ మనుషులు. టేపు మడుస్తున్న కుర్రాళ్లు మడవడం ఆపేశారు. కైలాసం స్విచ్ దగ్గర్నించి రెండడుగులు ముందుకొచ్చాడు. లావా కింది అంచున రంగు కొంచెం చెదిరి ఉంది, బాపు తల తగిలినట్టుంది, ఆయన జుట్టులో పసుపు చార. సరిచేయాలా అని ఒక్క క్షణం చూసి, అక్కర్లేదనుకుంది.

ఆనందరావు బొమ్మకు ఎదురుగా, గది మధ్యలో, చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. బట్టల్లోంచి నీళ్లు కారి కాళ్ల చుట్టూ మడుగు కట్టింది. ఏమంటాడో అని ఆమె ఎదురుచూడలేదు, ఏమన్నా ఈ బొమ్మ ఇక్కడే ఉంటుంది, ఆ నిశ్చయం ఇప్పుడు పంటి బిగువున పట్టుకున్నది కాదు, కాళ్ల కింద బండరాయిలా ఉంది.

"రేపు ఆండాలును తోలుకొస్త" అన్నాడు.

ప్రీతి తల తిప్పి ఆయన్ని చూసింది. ఇంతదాకా ఆ పేరు తలచుకోవడానికే భయపడింది. "ఏడుస్తది బాపూ."

"ఏడ్వనీ. ఆకరికి ఏమన్నడన్నా అని ఆ రోజు నన్నడిగింది. ఏమనలేదమ్మా అన్న. ఏం చెప్పాలె? నిప్పును సూడుమన్నడని చెప్తె ఇంటి మనిషికి ఏం సమజైతది, పిచ్చోడనుకుంటది. నేనే అట్లనుకున్న ఇన్నేండ్లు." మొహం మీది నీళ్లు సగం చేత్తో తుడుచుకున్నాడు. "ఇయ్యాల సూసిన. ఆమె గూడ సూస్తె సమజైతది, వాడు దేన్ని జూసిండో. మాట నేను జెప్త. సూపెట్టుడు నీ వంతు."

ఆమె తల ఊపింది. కైలాసం వైపు తిరిగింది. "శేట్, ఒక కుర్చీ ఇయ్యి. చేతులున్నది. రేపు పెద్దమనిషి ఒకామె వస్తది, కూసోవాలె."

కైలాసం తన గల్లా వెనకాల కుర్చీనే పైకి తెప్పించాడు, దాన్ని తీసుకెళ్లి ఎదుటి గోడకు ఆనించి వేయించాడు, అక్కణ్నించి అయితే బొమ్మంతా నిండుగా కనిపిస్తుందని. అందరూ అక్కడే వేస్తారు కుర్చీ. ప్రీతి వెళ్లి కుర్చీని రెండు చేతులతో పట్టుకుని ముందుకు ఈడ్చింది, గది సగం దాటించింది, బండల మీద కీచుమంది, ఇంకా ఈడ్చింది, కూర్చున్న మనిషికి గోడ అంచులు కనిపించనంత దగ్గరికి తెచ్చి ఆపి, వెనక్కి తిరిగి బాపును చూసింది.

"సాలా బాపూ?"

ఆయన వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు, బొమ్మకేసి చూశాడు, కుర్చీకేసి చూశాడు.

"ఇంక జర ముంగటికి" అన్నాడు.